అక్కతో మాట్లాడుకుందాం: మా ఆయనకి క్రిస్మస్‌కి ఏమివ్వను?

అక్కా నమస్తే. మాది తెనాలి పక్కన పల్లెటూరు, పెళ్లయ్యాక బెంగళూరు వచ్చేసాం, ఇప్పుడు హోరమావులో ఉంటున్నాం. నేను నర్సుని. జీఎన్‌ఎమ్ అవ్వగానే పెళ్లి, తర్వాత పిల్లలు, ఇంక చదువు అక్కడే ఆగిపోయింది. మా ఆయనే పట్టుబట్టి నన్ను పోస్ట్ బేసిక్ బీఎస్సీలో చేర్పించాడు. రెండేళ్లు నేను ఉద్యోగం మానేసి చదివా, ఇంటి ఖర్చు మొత్తం ఆయన మీదే పడింది. ఆయన లిఫ్ట్ మెకానిక్, ఎప్పుడు ఫోనొస్తే అప్పుడు పరిగెత్తాలి, అయినా పాపకి జడలు వెయ్యడం నేర్చుకున్నాడు, నా ఎగ్జామ్స్ అప్పుడు ఇంట్లో గోల ఉండకూడదని పిల్లలిద్దర్నీ తీసుకెళ్లి చీకటి పడేదాకా పార్కులో కూర్చునేవాడు. చర్చిలో క్వయర్‌లో పాడేవాడు, సాయంత్రాలు ప్రాక్టీసుకి కుదరక అది కూడా మానేసాడు. ఇప్పుడు నాకు మంచి హాస్పిటల్లో పోస్టొచ్చింది. ఈ క్రిస్మస్‌కి నా జీతంతో ఆయనకి స్పెషల్‌గా ఏదైనా ఇవ్వాలనుంది, పదివేలు పక్కన పెట్టా. అడిగితే "నాకెందుకే, పిల్లలకి కొను" అంటాడు. మా చెల్లి స్మార్ట్‌వాచ్ కొనమంటోంది, నా మనసేమో బంగారు ఉంగరం మీద ఉంది. వాచీలంటే ఆయనకి ఇష్టమే, చనిపోయిన మా మామయ్యగారి హెచ్‌ఎంటీ ఒకటి ఆగిపోతే గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాడు, బాగు చేయిద్దాం చేయిద్దాం అంటూనే ఏళ్లు గడిపేసాడు. ఏం కొనమంటారు?
– ఎస్., హోరమావు

చెల్లీ, నీ ఉత్తరం చదువుతుంటే ఆ పార్కు దగ్గర ఆగిపోయా. చీకటి పడేదాకా ఇద్దరు పిల్లల్ని ఆడిస్తూ కూర్చోవడం ఎంత ఓపికైన పనో పిల్లల్ని పెంచినవాళ్లకి తెలుసు, అది కూడా లిఫ్టుల్లో పని చేసొచ్చిన ఒంటితో.

ముందు ఉంగరం సంగతి. గ్రాము బంగారం పదివేలు దాటి కూర్చుంది, దాని మీద మజూరీ, మొత్తానికి మూడు శాతం జీఎస్టీ, నీ డబ్బుకి వచ్చేది పేరుకే ఉంగరం. అంతకన్నా ముఖ్యమైంది ఆయన పని. లిఫ్ట్ రిపేరు చేసేవాళ్లు, కరెంటు పని చేసేవాళ్లు డ్యూటీలో ఉంగరం పెట్టుకోకూడదు, తిరిగే భాగాల్లో ఇరుక్కుంటే వేలికే ప్రమాదం, షాకు భయం ఉండనే ఉంది. నువ్వు ప్రేమగా తొడిగితే నీ కోసమని తియ్యకుండా వెళ్లిపోతాడేమో, నాకు ఆ భయమే ఎక్కువ. ఉంగరం వద్దు. స్మార్ట్‌వాచ్ మంచి వస్తువే కానీ అది నీ చెల్లెలి మనసులో ఉన్న మాట, ఆయన నోట్లోంచి వచ్చింది కాదు.

ఆయన నోట్లోంచి వచ్చింది నువ్వే రాసావు. వాళ్ల నాన్న వాచీ బాగు చేయిద్దాం అని. క్వయర్ కూడా నువ్వే రాసావు. నేను చెప్పేది ఒక్కటే, మనకి అండగా నిలబడ్డ మనిషికి ఇవ్వాల్సింది కొత్త వస్తువు కాదు, మన కోసం తను పక్కన పెట్టేసింది తిరిగి తెచ్చి చేతిలో పెట్టాలి. నీ ఫీజులు కట్టే నెలల్లో వాచీ రిపేరుకి డబ్బులు ఎవరు తీస్తారు చెప్పు? అందుకే అది బీరువాలో ఉండిపోయింది.

ఇంకో సంతోషం ఏంటంటే ఆ వాచీ కంపెనీ ఈ ఊరిదే. హెచ్‌ఎంటీ బెంగళూరులో 1953లో యంత్రాలు తయారు చేసే కంపెనీగా మొదలైంది, 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి ఇక్కడే వాచీలు మొదలుపెట్టింది. మన ఊళ్లల్లో అల్లుడికి హెచ్‌ఎంటీ పెట్టడం అంటే ఎంత గొప్పో మీ పెద్దవాళ్లని అడుగు. 2016లో ఆ వాచీల కంపెనీ మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది, అయినా ఇప్పటికీ వాటిని బాగు చేసే పాత మెకానిక్కులు ఈ ఊళ్లో ఉన్నారు, చిక్‌పేట, అవెన్యూ రోడ్డు, శివాజీనగర్ వైపు సందుల్లో చిన్న షాపుల్లో అడుగుతూ వెళ్లు.

వెళ్లేముందు డయల్ మీద క్వార్ట్జ్ అని ఉందేమో చూడు. ఉంటే అది సెల్ వాచీ, సెల్ లోపలే ఉండిపోయి కారిందేమో చూపించాలి. లేకపోతే కీ ఇచ్చేదో ఆటోమేటిక్కో అయ్యుంటుంది. పనిచేస్తుందేమోనని కీ తిప్పి చూడొద్దు, ఇన్నేళ్లలో లోపల ఆయిల్ ఎండిపోయి ఉంటుంది, ఆ ఎండు మీద చక్రాలు తిరిగితే అరిగిపోతాయి. మొత్తం విప్పి కడిగి ఆయిల్ వేసే సర్వీసు అడుగు. ఇచ్చేముందు డయల్‌కి, మూత తీయించి లోపల మెషీన్‌కి ఫోన్లో ఫోటోలు తీసుకో, రసీదు అడుగు, పార్టులు మారిపోకుండా ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, డయల్‌కి కొత్త రంగు వెయ్యొద్దని గట్టిగా చెప్పు. షాపువాళ్లు మంచి మనసుతోనే "కొత్తదానిలా చేసిస్తాం మేడమ్" అంటారు, ఒప్పుకోకు. ఆ పసుపెక్కిన డయల్, ఆ గీతలు మీ మామయ్యగారి చేతి మీద పడ్డవి, అవి పోతే ఇంక ఆయన వాచీ ఎక్కడిది? అద్దం మరీ గీతలైతే మార్పించు, లెదర్ బెల్ట్ కొత్తది వేయించు, కొలత కోసం వాచీనే పట్టుకెళ్లు. ఈ పనంతా డిసెంబర్ మొదటివారంలోపే ఇచ్చెయ్యాలి, పార్టు దొరక్కపోతే మెకానిక్ ఇంకో పాత వాచీలోంచి వెతకాలి, దానికి టైమ్ పడుతుంది. పాత వాచీ నీళ్లకి ఆగదు, డ్యూటీకి వద్దు, ఆదివారం చర్చికి పెట్టుకుంటాడు.

మిగిలిన డబ్బుతో తెల్ల చొక్కా కుట్టించు. ఎందుకంటే అసలు గిఫ్ట్ క్వయర్. క్రిస్మస్ నెలంతా కేరల్స్ రౌండ్లు ఉంటాయి, సెమీ క్రిస్మస్‌లు ఉంటాయి, 24 రాత్రి ఆరాధన ఉంటుంది. నీ డ్యూటీ రోస్టర్ ఇప్పుడే అడిగి ఆ సాయంత్రాలు మార్పించుకో, తోటి నర్సులకి బదులుగా న్యూఇయర్ రోజు నువ్వు చేస్తానని చెప్పు. మీ క్వయర్ లీడర్‌తో ముందే మాట్లాడి పెట్టు. ఇది మాత్రం క్రిస్మస్ దాకా దాచకు, డిసెంబర్ మొదట్లోనే ఆయనకి చెప్పెయ్, "ఈ నెల సాయంత్రాలు పిల్లలు నా దగ్గర, నువ్వెళ్లి పాడుకో" అని. ప్రాక్టీస్ లేకుండా 24న నిలబెడితే ఇబ్బంది పడతాడు. వాచీ మటుకు పండగ పొద్దున ఇవ్వు, దాంతో పాటు ఒక కాగితం మీద జడల సంగతి, పార్కు సంగతి నాకు రాసినట్టే రాసివ్వు, థ్యాంక్స్ అని పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు, నువ్వు ఆ రోజుల్లో అవన్నీ గమనించావని తెలిస్తే చాలు. వీలైతే సెలవుల్లో జాలహళ్లిలో హెచ్‌ఎంటీ వాళ్ల మ్యూజియం ఉంది, పిల్లల్ని కూడా తీసుకుని అందరూ వెళ్లి రండి, తాతయ్య వాచీ కంపెనీ ఎక్కడ పుట్టిందో వాళ్లూ చూస్తారు.

*

అక్కా, నా జాబ్ పోయి ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నా, నా భార్య ఒక్క మాట అనకుండా ఇల్లు నడిపింది, చివరికి తన గాజులు కూడా బ్యాంకులో పెట్టింది. ఇప్పుడు జాబొచ్చింది. మేము హిందువులమే కానీ తను కాన్వెంట్లో చదివింది, క్రిస్మస్ అంటే ప్రాణం. మైసూర్ సిల్క్ చీర కొందామనుకుంటున్నా, ఈఎంఐలో తీసుకోవచ్చా?
– ఆర్., వైట్‌ఫీల్డ్

తమ్ముడూ, ఈఎంఐలో వద్దు. కేఎస్‌ఐసీ, అంటే కర్ణాటక ప్రభుత్వ పట్టు సంస్థ, వాళ్ల మైసూర్ సిల్క్ నిజంగా గొప్ప చీర, 1912లో మైసూర్ మహారాజు పెట్టిన ఫ్యాక్టరీ, స్వచ్ఛమైన పట్టు, అసలు జరీ, నాకు కూడా చాలా ఇష్టం. కానీ ఆరు నెలలు లెక్కలు చూసుకుని బతికిన మనిషికి కొత్త అప్పు మీద వచ్చిన చీర కట్టుకుంటే ఒంటి మీద నిలవదు. గాజులు విడిపించు. బ్యాంకుకి ఫోన్ చేసి వడ్డీతో కలిపి ఈ రోజుకి ఎంత కడితే క్లోజ్ అవుతుందో అడుగు. మొత్తం కట్టలేకపోతే కొంత కట్టి ఒక జత వరకు ఇస్తారేమో అడుగు, కొన్ని చోట్ల ఇస్తారు. లోన్ తన పేరు మీద ఉంటే సంతకానికి తనే రావాలి, కాబట్టి సర్‌ప్రైజ్ కుదరదు, కుదరకపోయినా నష్టం లేదు. ఇద్దరూ కలిసే వెళ్లండి, తూకం, పెట్టినప్పటి కాగితం సరి చూసుకోండి, గాజులు అక్కడే వేసుకోమను. అటు నుంచి శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికాకి తీసుకెళ్లు, క్రిస్మస్‌కి పశువుల పాక పెడతారు, చూసి ఎక్కడైనా మంచి ప్లమ్ కేక్ తిని రండి. చీర వచ్చే ఏడు రొక్కం పెట్టి కొను, అప్పుడు రంగు తననే ఎంచుకోనివ్వు.

*

అక్కా, నేను మారతహళ్లిలో పీజీలో ఉంటా. నాకు యాక్సిడెంట్ అయినప్పుడు నన్ను హాస్పిటల్ చుట్టూ తిప్పిన అబ్బాయినే పెళ్లి చేసుకోబోతున్నా, రెండిళ్లలోనూ ఒప్పుకున్నారు. తను మలయాళీ క్రిస్టియన్, 22న ట్రైన్‌కి కొట్టాయం వెళ్తాడు. నా దగ్గర పదిహేను వందలే ఉన్నాయి.
– పి., మారతహళ్లి

చాలమ్మా, ఎక్కువే. వాళ్లింట్లో కేక్ ఎలాగూ ఉంటుంది, నువ్వు కేక్ పంపకు. మనింటివి పంపు. అరిసెలు ఒక డబ్బా, ఆత్రేయపురం పూతరేకులు ఒక డబ్బా. మన వైపు క్రిస్టియన్ల ఇళ్లల్లో క్రిస్మస్‌కి అరిసెలు వండుతారని వాళ్లమ్మగారికి చెప్పమను, ఆవిడకి ఆసక్తిగా ఉంటుంది, నీ గురించి మాట్లాడుకోడానికి ఒక దారి కూడా దొరుకుతుంది. నిన్ను చూసుకున్న అబ్బాయిని కన్న తల్లికి నువ్వు ఏదైనా పంపితే అతనికి అంతకన్నా ఏం కావాలి? మిగిలిన డబ్బుతో అతనికి నచ్చే పుస్తకం చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపుల్లో వెతుకు, బ్లాసమ్‌లో సెకండ్‌హ్యాండ్‌వి తక్కువకి దొరుకుతాయి, మొదటి పేజీలో నీ చేత్తో తెలుగులోనే రెండు ముక్కలు రాయి, చదివి చెప్పమని నిన్నే అడుగుతాడు. పూతరేకులు గట్టి డబ్బాలో పెట్టించు, పొరలు కాగితం కంటే పల్చన, బ్యాగులో కింద పెడితే పొడైపోతాయి. 22 ట్రైన్ అంటున్నావు కాబట్టి 18 కల్లా నీ చేతికొచ్చేలా ఆర్డర్ పెట్టెయ్, పండగ ముందు కొరియర్లు లేటవుతాయి.