ఉచిత బీపీ పరీక్షలకు వెళ్తే ఆసుపత్రి ఖర్చు నిజంగా తగ్గుతుందా?

ఏ బాధా లేని మీ నాన్నగారిని బీపీ, షుగర్ పరీక్షకు తీసుకెళ్తే ఖర్చు తగ్గుతుందా, లేనిపోనిది తగులుకుంటుందా అని అడిగారు. మొదటి ఏడాది పెరుగుతుందండీ. మా ఇంట్లో పెరిగింది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్ చూసే ప్రభుత్వ కార్యక్రమం కింద ఆశా కార్యకర్త పేర్లు రాసుకుంటుంటే మా నాన్నగారు "నాకేం రోగం?" అని కసిరారు. తీరా చూస్తే పై బీపీ 170 దాటింది. అప్పటిదాకా డాక్టరు ముఖం చూడని మనిషికి ఇక రక్తపరీక్షలు, ఈసీజీ, మందు మోతాదు కుదిరేదాకా తిరగడమే. మాత్రలు మాత్రం భారం కాలేదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ జెనరిక్‌లో చవకే. ఒడిశాలో 2015 నుంచి నిరామయ పథకం కింద సర్కారు ఆసుపత్రిలో మందులు ఉచితంగా ఇస్తున్నారు కూడా.

మా చిన్నాన్న ఏనాడూ చూపించుకోలేదు, పైగా ఖైనీ. గుండెపోటు వచ్చి విశాఖ తీసుకెళ్లాం. స్టెంటు ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీదే వేశారు. కానీ రాత్రికి రాత్రి కట్టుకున్న బండి, తోడున్నవాళ్ల తిండి, బస, నెలల తరబడి మూసేసిన కొట్టు ఏ కార్డులోకి వస్తాయి? పిన్ని పుస్తెలతాడు ఇంకా తాకట్టులోనే ఉంది.

ప్రభుత్వ ఖజానాకు మిగులుతుందా అంటే, నేను గట్టిగా చెప్పను. అమెరికాలో ముఖ్యంగా పెద్దవాళ్లకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ వాళ్లు 2017 నుంచి 2021 దాకా 'మిలియన్ హార్ట్స్' పేరుతో గుండెజబ్బు ముప్పు లెక్కగట్టి మందులిచ్చే పద్ధతి నడిపారు. గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాలు కాస్త తగ్గాయి. మొత్తం ఖర్చు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. నా దృష్టిలో అదేం నష్టం కాదు, మనిషి మిగిలాడు కదా!

డబ్బు వృథా అయ్యేది ల్యాబుల వాళ్ల 'ఫుల్ బాడీ ప్యాకేజీ'ల దగ్గర. బాధ లేనివాళ్లకు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్‌తో మొదలుపెడితే చాలు, మిగతావి డాక్టరు రాస్తేనే. బీపీ చూపించే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, టీ తాగించకండి. ఎక్కువొస్తే ఇంకో రోజు మళ్లీ చూపించండి. ఇక, తగ్గింది కదా అని మాత్ర మానేస్తారు, అక్కడ గట్టిగా ఉండండి. మా నాన్నగారితో ఎండుచేప తగ్గించడం కంటే అదే పెద్ద గొడవైంది.

చీటీలన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. మనవాళ్లు ఓసారి ఇక్కడ, ఓసారి శ్రీకాకుళంలో చూపించుకుంటారు. పాత చీటీ లేకపోతే అక్కడ పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచీ రాస్తారు.