పాత డెస్క్‌టాప్‌కు గ్రాఫిక్స్ కార్డు: ముందు ఎస్‌ఎంపీఎస్ సంగతి చూడండి

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో కొన్న డెల్ ఆప్టిప్లెక్స్ 9020 టవర్ వాడుతున్నాను. ఐ5-4570 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. ఫంక్షన్ల వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ఫ్రెండ్స్‌తో వాలరెంట్, అప్పుడప్పుడు జీటీఏ 5 ఆడాలని ఉంది. షాపులో పాత ఆర్‌ఎక్స్ 580 కార్డు తీసుకోమన్నారు. కరెంటు సరిపోతుందా అంటే ‘వైరు కలిపి ఇస్తాం, ఏం కాదు’ అన్నారు. తీసుకోవచ్చా?
- డిగ్రీ విద్యార్థి, నరసరావుపేట

జవాబు: తీసుకోవద్దు. కార్డు చెడ్డదని కాదు, మీ సిస్టమ్ దాన్ని మోయలేదు.

క్యాబినెట్ పక్క డోరు తీసి, ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్ అంతటికీ కరెంటు అందించే డబ్బా) మీద అంటించిన స్టిక్కర్ చదవండి. 9020 టవర్‌లో కంపెనీ ఇచ్చేది 290 వాట్ల యూనిట్. మీ ప్రాసెసర్ గరిష్ఠంగా 84 వాట్లు తీసుకుంటుంది. ఆర్‌ఎక్స్ 580కి 185 వాట్లు కావాలి. ఈ రెండింటికే 269 అయిపోయాయి. ఇక మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్‌డిస్క్, ఫ్యాన్లు అన్నీ మిగతా 21 వాట్లతోనే నడవాలి. డెస్క్‌టాప్ స్క్రీన్ వరకు బాగానే వస్తుంది. గేమ్ మొదలెట్టి లోడ్ పడగానే సిస్టమ్ ఆగిపోతుంది. ఏళ్ల తరబడి వాడిన ఎస్‌ఎంపీఎస్ కాబట్టి అది కాలిపోయే ప్రమాదమూ ఉంది.

షాపువాళ్లు కలుపుతామన్న వైరు బహుశా సాటా (హార్డ్‌డిస్క్‌కు కరెంటు ఇచ్చే కనెక్టర్) నుంచి తీసే కన్వర్టర్ అయి ఉంటుంది. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఈ సాటా పవర్ కనెక్టర్ 12 వోల్టుల లైన్ మీద 54 వాట్లకు మించి మోయలేదు. గ్రాఫిక్స్ కార్డు మీద ఉండే 6 పిన్నుల కనెక్టర్ 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్ల దాకా లాగుతుంది. ఆ లోడంతా ఒక్క సాటా కనెక్టర్ మీద పడితే ప్లాస్టిక్ కరుగుతుంది. దయచేసి ఆ వైరు జోలికి వెళ్లొద్దు.

ఎస్‌ఎంపీఎస్ మారిస్తే పోలా అనుకోవచ్చు. 9020 మదర్‌బోర్డుకు మామూలు 24 పిన్నుల కనెక్టర్ ఉండదు, డెల్ సొంత 8 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ కొన్నా మధ్యలో కన్వర్టర్ వైరు పెట్టాల్సిందే. 2013 నాటి సిస్టమ్ మీద అంత డబ్బు పెట్టడం నా దృష్టిలో దండగ.

మదర్‌బోర్డు స్లాటే కార్డుకు 75 వాట్ల వరకు ఇస్తుంది. కాబట్టి ఆ స్లాట్ కరెంటుతోనే నడిచే, పైన పవర్ కనెక్టర్ లేని కార్డు వెతకండి. మీకు సరిపోయేవి రెండు. ఒకటి 4 జీబీ జీటీఎక్స్ 1650. జీటీఏ 5, వాలరెంట్ ఫుల్ హెచ్‌డీలో హాయిగా నడుస్తాయి. రెండోది 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ రకం. ఇది 70 వాట్లే తీసుకుంటుంది. బడ్జెట్ అందితే దీనికే నా ఓటు. ఎడిటింగ్‌లో ఆ అదనపు 2 జీబీ మెమరీ బాగా పనికొస్తుంది. రేపు కొత్త సిస్టమ్ కొన్నా కార్డును అందులోకి మార్చుకోవచ్చు.

ఇక్కడ పేర్లతో జాగ్రత్త. 3050 పేరుతోనే 8 జీబీ కార్డు కూడా ఉంది, దానికి 130 వాట్లు కావాలి. 1650లోనూ కొన్ని మోడళ్లకు 6 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. పెట్టె మీద పేరు చూసి ఊరుకోకుండా కార్డు బయటికి తీయించి, పై అంచున కనెక్టర్ లేదని కళ్లారా చూసుకున్నాకే డబ్బు కట్టండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా ఇదే పద్ధతి. ఆన్‌లైన్‌లో అయితే ఫొటోల్లో ఆ అంచు చూసుకోండి.

53 వాట్లతో నడిచే ఆర్‌ఎక్స్ 6400ను కూడా ఎవరైనా సూచించవచ్చు. మీకు వద్దు. అందులో వీడియో ఎన్‌కోడర్ (వీడియోను ఫైలుగా మార్చే భాగం) లేదు. ఎడిట్ చేసిన వీడియో బయటికి తీసేటప్పుడు కార్డు సాయపడకపోతే భారమంతా మీ నాలుగు కోర్ల ప్రాసెసర్ మీదే పడుతుంది. పైగా అది 4 లేన్ల (డేటా వెళ్లే దారుల) కార్డు. మీ పాత స్లాట్‌లో ఇంకాస్త నెమ్మదిస్తుంది.

కార్డు కొనే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ఎడిటింగ్‌లో ర్యామ్ నిండిపోతుంటే ముందు దాన్ని 16 జీబీ చేయండి. పాత డీడీఆర్3 స్టిక్కులు చవకగానే దొరుకుతాయి. ఎస్‌ఎస్‌డీ లేకపోతే అది గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు కొనాల్సిన వస్తువు. ఇంకో మాట, వాలరెంట్ కోసం ఈ సిస్టమ్‌లో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించకండి. విండోస్ 11లో ఆ గేమ్ టీపీఎం (భద్రతా చిప్) 2.0 అడుగుతుంది, మీ సిస్టమ్‌లో ఉన్నది 1.2. అయితే విండోస్ 10కు మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అందుకే బ్యాంకు పనులు ఆ సిస్టమ్‌లో పెట్టుకోకపోవడమే మంచిది.

బిగించాక స్క్రీన్ నల్లగా ఉంటే టెన్షన్ పడొద్దు. చాలామంది మానిటర్ కేబుల్‌ను పాత అలవాటుతో మదర్‌బోర్డుకే పెడతారు. కొత్త కార్డుకు పెట్టాలి. మీ మానిటర్‌కు నీలం రంగు వీజీఏ ఒక్కటే ఉంటే ఈ కార్డుల మీద ఆ పోర్టు ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కూడా అదే రోజు తెచ్చుకోండి.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ జీటీఎక్స్ 1050 టీఐ చాలా తక్కువకు ఇస్తామంటున్నారు. ఇప్పుడు కొనవచ్చా?
- ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: పాత గేముల కోసమే అయితే, ధర నిజంగా తక్కువైతే కొనవచ్చు. 2016 నాటి ఈ కార్డుకు కొత్త గేముల డ్రైవర్లను (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) తయారీదారు ఎన్విడియా 2025 అక్టోబర్‌తో ఆపేసింది. భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబర్ వరకు ఇస్తానంది. ధరలో పెద్ద తేడా లేకపోతే 1650 తీసుకోండి, దానికి డ్రైవర్లు ఇంకా వస్తున్నాయి.

1050 టీఐ పేరుతో నకిలీలు బాగా తిరుగుతున్నాయి. ఎప్పటిదో పాత కార్డులో బయోస్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి, విండోస్‌లో కొత్త పేరు కనిపించేలా చేస్తారు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లి అమ్మేవాళ్ల దగ్గరే నడపండి. నకిలీ చిప్‌ను గుర్తిస్తే పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. చూపించకపోయినా, ఏదైనా గేమ్‌ను అరగంట ఆడించి ఫ్యాన్ తిరుగుతోందా, స్క్రీన్ మీద గీతలు, చుక్కలు వస్తున్నాయా చూసుకోండి. అరగంట ఆడించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ కార్డు వదిలేయండి.