నవలల్ని, కామిక్స్‌ని సినిమాకి రాసే పని బతుకుదెరువు అవుతుందా? నాకు జరిగింది చెబుతాను

ప్రశ్న అడిగిన తమ్ముడు పాలమూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరమట. నవలలు బాగా చదువుతాడట, కామిక్స్ పిచ్చి కూడా ఉందట. "ఉన్న కథల్ని సినిమాలకి, వెబ్ సిరీస్‌లకి మార్చి రాసే స్క్రీన్‌ప్లే రైటర్‌గా బతకొచ్చా? సొంత కథ రాయడం కంటే ఇది సులువే కదా? కోర్సు ఏదైనా చెయ్యాలా?" అని అడిగాడు.

కోర్సు అక్కర్లేదు. సులువు కానే కాదు. ఇక బతకొచ్చా లేదా అన్నదానికి జవాబు చెప్పాలంటే ముందు మా పెద్దమ్మ గురించి చెప్పాలి.

నాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు ఊరు. పదిహేనేళ్లుగా కృష్ణానగర్, యూసుఫ్‌గూడల మధ్య అద్దె గదులు మారుతూ ఈ పనే చేస్తున్నాను. నా పేరు మీరు విని ఉండరు. తెర మీద రెండుసార్లే పడింది, అందులో ఒకసారి ఒత్తు తప్పుగా పడింది.

"ఉన్న కథే కదా, కుదించడమే కదా" అని మా బావమరిది కూడా అంటాడు. స్క్రిప్టులో పేజీ అంటే తెర మీద సుమారు నిమిషం. రెండు గంటల సినిమాకి 120 పేజీలు. 300 పేజీల నవల తీసుకొని 180 పేజీలు కొట్టేస్తే పని అయిపోయిందని వాళ్ల లెక్క. కొట్టేయడం ఎవడైనా చేస్తాడు. చిక్కల్లా ఏమిటంటే, నవలలో సగం కథ మనిషి బుర్రలో నడుస్తుంది. కెమెరాకి బుర్ర కనపడదు. ముక్కు, చెవులు, జుట్టు కనపడతాయి అంతే.

ఆరేళ్ల కింద ఒక వెబ్ సిరీస్ పనికి పిలిచారు. పాత నవల. ఒక పల్లెటూరి ఇల్లాలు ఒక రాత్రి పిల్లల్ని, మొగుణ్ని వదిలేసి వెళ్లిపోతుంది, చివర్లో తిరిగొస్తుంది. వెళ్లే ముందు రాత్రి ఆమె ఆలోచనలే పదకొండు పేజీలు. ఒక్క మాట పైకి అనదు, మంచం దిగదు. చదువుతుంటే గొంతు పట్టేస్తుంది. తియ్యాలంటే ఏముంది? ఒక ఆడమనిషి పడుకొని పైకప్పు చూస్తుంది.

ఫిల్మ్‌నగర్‌లో ఒక ఫ్లాట్‌లో మూడు వారాలు కథా చర్చలు. ఆరుగురం మగవాళ్లం. ఒకాయన వాయిస్ ఓవర్ పెడదామన్నాడు. ఒకాయన అద్దంలో తనతో తను మాట్లాడుకోవాలన్నాడు. ఇంకొకాయన పక్కింటి స్నేహితురాలిని పుట్టించి ఆమెతో చెప్పిద్దామన్నాడు. అర్ధరాత్రి ఇల్లు వదిలి పారిపోయే మనిషి పక్కింటికెళ్లి చెప్పి పోతుందా అంటే నామీద గుర్రుమన్నాడు. పాట పెడదామనే మాట రోజూ సాయంత్రం టీ టైముకి వచ్చేది. ఆ టీ గురించి కూడా చెప్పాలి గానీ వద్దులే. పంచదార పాకం.

ఆ ఆదివారం విసుగొచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి ఊరికి పోయాను. మా పెద్దమ్మ వాకిట్లో నులక మంచం మీద కూర్చొని చాటలో కందులు చెరుగుతోంది. మా వైపు ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆమె మోకాళ్లు పూర్తిగా చాపుకోలేదు, నడుం నిలబడదు. కృష్ణా నీళ్లు ఊళ్లోకి వచ్చేసరికి ఆమె వయసు అయిపోయింది. ఏం చేస్తున్నావురా అంటే కథ మొత్తం చెప్పాను. ఈ అలవాటు నాకు మొదటినుంచీ ఉంది. చదవనివాళ్లకి నవల చెబితే, ఎక్కడ వాళ్ల చెయ్యి పని మీద నుంచి లేస్తుందో అదే సీను.

పదకొండు పేజీల దగ్గరికి రాగానే చెయ్యి లేచింది. కాకపోతే చాట పక్కన పెట్టి నన్ను తిట్టడానికి.

"పోయిందా, పోదామని అనుకున్నదా?"

"పోయింది పెద్దమ్మా."

"పోయేటామె గంతసేపు పండుకొని సోంచాయిస్తదా? ఇంట్ల నీళ్లున్నయా లేవా సూసుకుంటది."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. నాకు రెండేళ్లప్పుడు ఆమె కూడా ఒకసారి వెళ్లిపోయిందట. మా ఇంట్లో ఈ మాట ఎవరూ ఎత్తరు, నేను వినడం అదే మొదలు. ఊళ్లో బోరింగు నీళ్లు తాగితే కాళ్లు వంకరపోతున్నాయని, తాగే నీళ్లు వాగులో చెలిమె తోడి తెచ్చేవాళ్లు. మైలు దూరం. చెలిమెలో నీరు ఊరేదాకా ఆగి, చిప్పతో తోడి, బిందె నింపి, నెత్తిన పెట్టుకొని రావాలి.

"ఆ దినం పొద్దుమూకినంక ఎనిమిదిసార్లు పోయొచ్చిన. గోలెం నింపిన, రంజన్ నింపిన, బిందెలు నింపిన. ఇంక పోరగాండ్లు లేశి నీళ్లకు ఏడుస్తరేమోనని సర్వలు, గంజులు గూడ నింపిన. ఆఖరికి గిలాసలు. అన్నిట్ల నిండా పోశి మూతలు పెట్టి పోయిన. మీ పెద్దనాయిన పొద్దుగాల లేశి సూశి, ఇయ్యాల ఏం పండుగ అన్నడంట."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "మరి ఎందుకొచ్చినవ్ పెద్దమ్మా?" అని అడిగాను.

"నాలుగొద్దులకు ఒడుస్తయ్ గదరా నీళ్లు."

అంతే. మళ్లీ చాట తీసుకుంది.

ఆ రాత్రే రాసేశాను. పేజీన్నర. మాటల్లేవు. చీకట్లో ఆమె వాగుకి పోవడం, రావడం, ఒక్కోసారి ఒక్కో పాత్ర నిండడం, పాత్రలు చిన్నవవుతూ రావడం. చివరి గ్లాసు నింపేటప్పుడు చిన్నపిల్ల నిద్రలో కదులుతుంది, ఈమె చెయ్యి ఆగుతుంది. తెల్లారి ఇంటి నిండా నీళ్లు, ఆమె లేదు. తిరిగి రావడానికి నవలలో ఆమె మనసు కరగడం అని ఏదో ఉంది. దాని బదులు ఖాళీ అవుతున్న రంజన్ పెట్టాను. సోమవారం చదివి వినిపిస్తే డైరెక్టర్ కుర్చీలోంచి లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. కాసేపటికి వచ్చి, "ఇది నవలలో ఉందా?" అన్నాడు. ఉంది, పదకొండు పేజీలూ ఉన్నాయి, కాకపోతే అక్షరం లేదు అన్నాను. ఈ డైలాగ్ మాత్రం నాదే, అప్పటికప్పుడు తట్టింది.

నువ్వడిగిన పని ఇదే తమ్ముడూ. మనిషి లోపల జరిగేదానికి బయట ఒక చేత వెతకడం. ఆ చేత ఆ ఊరిదై ఉండాలి. ఏ ఊరికైనా సరిపోయే చేత దొరికిందంటే అది ఇంకెవరో వాడేసిందే.

కామిక్స్‌కీ ఇదే లెక్క. కామిక్ అంటే రెడీమేడ్ స్టోరీబోర్డు, ఫ్రేములన్నీ గీసే ఉన్నాయి, మనం తీయడమే అనేవాళ్లతో నాకు పెద్ద పేచీ. నేను ఒక బొమ్మల కథని పిల్లల యానిమేషన్‌కి రాశాను. ఒక డబ్బాలో దొంగ గోడ మీద కాలు వేసి ఉంటాడు, పక్క డబ్బాలో పోలీస్ స్టేషన్లో ఉంటాడు. మధ్యలో ఉన్న తెల్లగీతలో పరుగు, పట్టుకోవడం, దెబ్బలు అన్నీ చదివేవాడే ఊహించుకుంటాడు, వాడి ఇష్టమొచ్చినంతసేపు. తెర మీద ఆ తెల్లగీతని మనమే రాయాలి. ఎంతసేపో మనమే తేల్చాలి. చిన్నప్పుడు చందమామ చూసినవాళ్లకి ఇది తెలుసు. శవాన్ని భుజాన వేసుకొని విక్రమార్కుడు నడుస్తున్న బొమ్మ ఒక్కటే ఉండేది, నడక అంతా మన తలలో.

ఈ పనిలో నాకు గురువు ఒకాయన ఉండేవాడు, 2019లో పోయాడు, ఆయనకి నేనెవరో తెలియదు. హాలీవుడ్ రచయిత ఆల్విన్ సార్జెంట్. మొదట్లో వెరైటీ అనే సినిమా పత్రికకి ప్రకటనలు అమ్మేవాడు. తర్వాత టీవీకి రాసి, సినిమాలకి వచ్చి, వేరేవాళ్లు రాసిన పుస్తకాల్ని సినిమాగా మార్చినందుకే రెండు ఆస్కార్లు తీసుకున్నాడు. రెండోది 1980లో వచ్చిన 'ఆర్డినరీ పీపుల్'కి. కొడుకు చనిపోయిన ఇంట్లో ఎవరూ ఏదీ పైకి అనని కథ, జుడిత్ గెస్ట్ నవల. అదే మనిషి 77 ఏళ్ల వయసులో, 2004లో, 'స్పైడర్‌మ్యాన్ 2'కి స్క్రీన్‌ప్లే రాశాడు. ఏడుపు కథలవాడు గోడలెక్కే కథ ఏం రాస్తాడు అనుకుంటాం. అందులో పీటర్ పార్కర్ ఇక నావల్ల కాదు అనుకున్నప్పుడు ఉపన్యాసం ఇవ్వడు. ఆ డ్రెస్సు తీసి చెత్తడబ్బాలో పడేసి పోతాడు. ఆ బొమ్మ 1967లో వచ్చిన కామిక్ 50వ సంచికలోనే ఉంది. ఏది తీసేయాలో కాదు, ఏది ముట్టుకోకూడదో తెలియాలి. మా పెద్దమ్మ గిలాసలు, ఆ చెత్తడబ్బా నా దృష్టిలో ఒకటే సీను. దీనిమీద ఎవరైనా వాదించాలనుకుంటే వాదించుకోండి.

డబ్బు సంగతి అడిగావు. ఆ సిరీస్‌కి నాకు రెండు లక్షలన్నారు, 60 వేలు చేతికొచ్చింది, మిగతాది రేపు మాపు అని ఆరేళ్లు. మధ్యలో డబ్బింగ్ సినిమాలకి మాటలు, టీవీ సీరియల్‌కి ఎపిసోడ్ లెక్కన డైలాగులు రాసి అద్దె కట్టాను. ఒకప్పుడు తెలుగులో నవల అంటే నిర్మాతలకి గౌరవం ఉండేది. యండమూరి నవలల నుంచి 1983లో 'అభిలాష', 1984లో 'ఛాలెంజ్' వరసగా వచ్చాయి. అంతకుముందు యద్దనపూడి నవలలు సరేసరి. ఇప్పుడు నవల చేతికిస్తే "కొరియన్‌లో ఏమైనా ఉందా" అంటున్నారు. అదైతే ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదని వాళ్ల ధీమా.

హక్కుల విషయంలో మాత్రం నాలాగా మోసపోవద్దు. ఒక నవల మీద ప్రేమతో రెండేళ్లు కూర్చొని 140 పేజీల స్క్రిప్టు రాశాక రచయిత కొడుకుని కలిశాను. "నాన్నగారు ఉన్నప్పుడే ఎవరికో రాసిచ్చేశారండీ" అన్నాడు, కాఫీ ఇచ్చి మరీ. ముందు హక్కులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కో, కాగితం మీద రాయించుకో, ఆ తర్వాతే పెన్ను తియ్యి. చేతిలో డబ్బు లేకపోతే గడువు తీరిన పుస్తకాలు చూడు. మన దేశంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్లు హక్కులుంటాయి. మా జిల్లా మనిషే వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో పోయారు. అంటే 2021తో గడువు ముగిసింది. ఆయన నవల 'ప్రజల మనిషి' ఇప్పుడు నువ్వైనా తీసుకోవచ్చు, నేనైనా తీసుకోవచ్చు. తీసుకున్నవాడు ఇప్పటిదాకా నాకు కనపడలేదు.

ఇక ఆ సిరీస్ ఏమైందంటే, షూటింగ్‌కి నెల ముందు నిర్మాత పచ్చదనం కావాలన్నాడు. మర్రిగూడ కథ కోనసీమకి పోయింది. మాట కూడా మారింది. సిరీస్ మొత్తంలో తెలంగాణ మాట మాట్లాడేది ఒక్క లారీ క్లీనర్, వాడూ నవ్వించడానికే. ఉర్దూలో కృషన్ చందర్ రాసిన నవలని బెంగాలీవాడు గౌతమ్ ఘోష్ 'మా భూమి'గా తీస్తే అందులో మన మాట మన మాటలాగే ఉంది. హైదరాబాద్‌లో కూర్చొని తీసేవాళ్లకి మాత్రం అది కుదరదు.

నా సీను తీసేయలేదు, అదే బాధ. డైరెక్టర్‌కి ఇష్టమని అలాగే ఉంచాడు. ఇంటి వెనకే కాలువ నిండుగా పారుతుంటుంది, ఆమె రాత్రంతా గ్లాసులు నింపుతుంది. దాని కింద ఒకాయన "ఈమెకి పిచ్చా?" అని కామెంట్ పెట్టాడు. వెయ్యిమందికి పైగా లైక్ కొట్టారు. టైటిల్స్‌లో నా పేరు 'సహకారం' కింద, కేటరింగ్ వాళ్ల పైన.

దసరాకి ఊరికి పోయినప్పుడు ఫోన్‌లో పెద్దమ్మకి చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. కళ్లు చికిలించి మొత్తం చూసింది, మధ్యలో రెండుసార్లు కాలువ దగ్గర ఆపమంది. చివర్లో ఆ ఇల్లాలు తిరిగొచ్చి గడప దాటే షాట్ వచ్చింది. ఫోన్ నా చేతికిచ్చేసింది.

"గన్ని నీళ్లున్న ఊర్లె ఆమె మల్ల ఎందుకొచ్చిందిరా?"