టెక్సస్‌లో చెక్కు బౌన్సయితే

అన్నా, మీ షాపులో సరుకులకిచ్చిన 240 డాలర్ల చెక్కు ఖాతాలో డబ్బుల్లేక తిరిగొచ్చిందన్నారు. వెంటనే కౌంటీ అటార్నీ (కౌంటీ ప్రభుత్వ లాయరు) ఆఫీసుకు పరిగెత్తకండి. ముందు సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రసీదు పెట్టి, చెక్కు రాసినవాడికి నోటీసు పంపండి. నోటీసు అందిన రోజు నుంచి డబ్బు కట్టడానికి 10 రోజుల గడువు. చెక్కు రాసిన 30 రోజుల్లోపు బ్యాంకులో వేసుంటేనే ఈ నోటీసుకు బలం. అప్పటికీ కట్టకపోతే అసలు చెక్కు, నోటీసు కాపీ, రిటర్న్ రసీదుగా సంతకంతో వచ్చిన పచ్చకార్డు (మనం కలవరించే గ్రీన్‌కార్డు కాదు!) పట్టుకెళ్లండి.

కౌంటీ అటార్నీ ఆఫీసు ఫీజు చెక్కు రాసినవాడి మీదే పడుతుంది: చెక్కు 100 దాటి 300 లోపైతే 30 డాలర్ల దాకా, 500 దాటితే 75 దాకా. మీ షాపు ఛార్జీ ఇంకో 30 వరకు. మీ 240తో అంతా కలిపి 300 దాకా.

మధ్యలో అతను ‘సగం తీసుకో’ అంటే ఒప్పుకోకండి. చాలా ఆఫీసులు ఇక అది సివిల్ తగాదా అని పక్కన పెట్టేస్తాయి. ఇచ్చిన రోజు కాక తర్వాతి తేదీ వేసిన చెక్కులదీ అదే గతి.