ప్యాచ్ వెయ్యాలా, ప్లాంట్ ఆపాలా?

ఈసారి ఫోన్ బ్యాటరీలు, వైఫై రూటర్లు పక్కన పెడదాం. పీఎల్‌సీలు (ఫ్యాక్టరీ మెషీన్లని నడిపే చిన్న కంట్రోల్ కంప్యూటర్లు), స్కాడా (ప్లాంట్ మొత్తాన్నీ ఒకచోటి నుంచి చూస్తూ నడిపే వ్యవస్థ) సెక్యూరిటీ మీద మీరు పంపిన ప్రశ్నలు కొన్నాళ్లుగా పేరుకుపోయి ఉన్నాయి. రెండు లైన్లలో ఏదో ఒకటి రాసేస్తే, అది చదివి ఎవరైనా నడుస్తున్న మెషీన్ మీద ప్రయోగం చేస్తారేమోనన్న భయంతో నేనే వాయిదా వేస్తూ వచ్చాను.

ప్రశ్న: మా ప్లాంట్‌లో హెచ్‌ఎంఐ (ఆపరేటర్ మెషీన్‌ని చూస్తూ నడిపే స్క్రీన్) కంప్యూటర్ ఇంకా విండోస్ 7 మీదే నడుస్తోంది. ఐటీ వాళ్లు వెంటనే మార్చమంటున్నారు. మెషీన్ ఇచ్చిన వెండర్ మాత్రం ముట్టుకుంటే వారంటీ పోతుందంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినండి, ఇద్దరినీ కాస్త నిలదియ్యండి కూడా. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2020 జనవరి 14తో ఆగిపోయింది కాబట్టి ఐటీ వాళ్ల టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. అయితే ఆఫీసులో కంప్యూటర్ రీస్టార్ట్ అయితే పోయేది ఐదు నిమిషాలు, అదే బాయిలర్ ప్రెషర్ చూపించే స్క్రీన్ షిఫ్ట్ మధ్యలో నల్లబడితే ఆపరేటర్ కళ్లకు గంతలు కట్టుకుని ప్లాంట్ నడిపినట్టే. అప్‌డేట్ వచ్చింది, వేసెయ్ అనే ఆఫీసు పద్ధతి ఇక్కడ పనికిరాదు.

అలాగని వెండర్‌ని ‘ముట్టుకోవద్దు’ అన్న ఒక్క మాటతో వదిలెయ్యకండి. ఏయే ప్యాచ్‌లు (లోపాల్ని సరిచేసే అప్‌డేట్లు) తమ సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించి చూశారో పెద్ద కంపెనీలు చాలావరకు జాబితా ఇస్తాయి, దాన్ని మెయిల్‌లో అడిగి తెప్పించుకోండి. ఆ జాబితాలో ఉన్నవాటిని ముందు స్పేర్ కంప్యూటర్ మీద వేసి చూసి, అసలు కంప్యూటర్ హార్డ్ డిస్క్ మొత్తానికీ ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు కాపీ, తీసి దాచి, తర్వాత వచ్చే షట్‌డౌన్‌లో వెయ్యాలి. ఆ షట్‌డౌన్ ఎనిమిది నెలల తర్వాత ఉందనుకోండి. ఆ ఎనిమిది నెలలూ ఆ కంప్యూటర్ దాకా ఎవరూ రాలేకుండా చూసుకోవాలి, అంతే. దాని ముందు ఒక ఫైర్‌వాల్ పెట్టి కావాల్సిన పీఎల్‌సీ అడ్రసులు, పోర్టులు (నెట్‌వర్క్‌లో డేటా వచ్చిపోయే నంబరు తలుపులు) తప్ప మిగతావన్నీ బంద్ చెయ్యండి, బ్రౌజరూ మెయిలూ తీసెయ్యండి, మీరు ఒప్పుకున్న ప్రోగ్రాములు తప్ప ఇంకేదీ నడవకుండా అలవ్‌లిస్టింగ్ పెట్టండి, విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతి పాత వెర్షన్ ఆపెయ్యండి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ పాకింది ఆ చివరి దారినే, దానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చేసినా. ఏడాది దాటాక, 2018 ఆగస్టులో, చిప్‌లు తయారుచేసే టీఎస్‌ఎమ్‌సీలో కొత్తగా తెచ్చిన పరికరాన్ని వైరస్ స్కాన్ చెయ్యకుండా నెట్‌వర్క్‌కి కలిపితే అదే జాతి వైరస్ ఫ్యాక్టరీల్లో పాకి ఉత్పత్తి ఆగింది.

ఇంకో సంగతి ఉంది, ఇది మీ ఐటీ వాళ్లకు కూడా చూపించండి. హెచ్‌ఎంఐ ఎంత కొత్తదైనా అది పీఎల్‌సీతో మాట్లాడే భాష తరచూ చాలా పాతది. అలాంటి భాషల్లో ఒకటైన మోడ్‌బస్ 1979 నాటిది, అందులో పాస్‌వర్డ్ అన్న ఆలోచనే లేదు. ఫలానా రిజిస్టర్‌లో (పీఎల్‌సీ మెమరీలో ఒక గడి) ఈ అంకె రాయి అని పోర్టు 502కి ఎవరు చెప్పినా, నువ్వెవరు అని అడక్కుండా, చాలా పీఎల్‌సీలు రాసేసుకుంటాయి. ఇది బగ్ కాదు, దాని పుట్టుకే అంత, కాబట్టి ప్యాచ్ కోసం ఎదురుచూసి లాభం లేదు. ఏదో సెక్యూరిటీ లోపానికి తీవ్రతలో పదికి తొమ్మిదిన్నర స్కోరు పడిందని కంగారు పడేముందు, మీ పీఎల్‌సీ దాకా ఎవరెవరు, ఏ దారిన రాగలరో ఒక కాగితం మీద గీయండి. గీశాక అక్కర్లేని దారులు ఒక్కొక్కటీ మూసుకుంటూ వెళ్లండి. ఫ్యాక్టరీ కంట్రోల్ సిస్టమ్‌ల సెక్యూరిటీకి ఉన్న ఐఈసీ 62443 ప్రమాణంలో జోన్లు, కండ్యూట్లు అని పెద్ద పేర్లతో చెప్పేది చాలావరకు ఇదే.

ప్రశ్న: మాకు ఆ గొడవే లేదు సార్, మా కంట్రోల్ నెట్‌వర్క్‌కి ఇంటర్నెట్ ఇవ్వలేదు. ఇంకా ఏం చెయ్యాలి?

జవాబు: ఇవ్వలేదని మీకు తెలుసు, లేదని మీకు తెలుసా? నేను ఒక కంట్రోల్ రూమ్‌లో నిలబడి ఉండగా, ఇక్కడికి గాలి కూడా దూరదని ఇన్‌చార్జి గారు చెబుతుంటే, ఆయన వెనకున్న హెచ్‌ఎంఐ స్క్రీన్ మూలన కొత్త నెట్‌వర్క్ దొరికిందంటూ చిన్న మెసేజ్ వచ్చింది. నైట్ షిఫ్ట్ కుర్రాడు ఫోన్‌ని ఛార్జింగ్ కోసం ఆ కంప్యూటర్ యూఎస్‌బీకి గుచ్చాడు, ఫోన్‌లో టెదరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇచ్చేది) ఆన్‌లో ఉంది. పాపం వాడికి ఆ సంగతే తెలియదు.

పెద్ద కథలు కూడా ఇలాంటివే. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్ ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రాన్ని గురిపెట్టింది. అలా బయటి నెట్‌కి తగలని చోట్లకు కూడా చేరేలా, పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకేలా దాన్ని రాశారు. సీమెన్స్ పీఎల్‌సీల్లో దూరి సెంట్రిఫ్యూజ్‌ల (యురేనియం శుద్ధి చేసే గిర్రున తిరిగే యంత్రాల) వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ, స్క్రీన్ మీద మాత్రం అంతా మామూలుగా ఉన్నట్టు ముందే రికార్డు చేసిన రీడింగులు చూపించింది. 2003 జనవరిలో అమెరికాలో డేవిస్-బెస్సీ అణు విద్యుత్ కేంద్రంలోకి స్లామర్ వర్మ్ (తనంతట తానే పాకే వైరస్) వచ్చింది ఒక కాంట్రాక్టర్ లైన్ గుండా. ఫైర్‌వాల్ ఉంది, ఆ లైన్ దాన్ని తప్పించుకుని వెళ్లింది. భద్రతా వివరాలు చూపించే డిస్‌ప్లే దాదాపు 5 గంటలు పనిచెయ్యలేదు. అదృష్టంకొద్దీ అప్పటికి రియాక్టర్ ఆపి ఉంది.

కాబట్టి ముందు యూఎస్‌బీ పోర్టులు మూయించండి, బయటి పెన్‌డ్రైవ్ ఏదైనా లోపలికి రావాలంటే గేటు దగ్గరో స్టోర్‌లోనో ఒక విడి కంప్యూటర్‌లో స్కాన్ అయ్యాకే రావాలి. ఫోన్లకి ఛార్జింగ్ పాయింట్లు గోడకి పెట్టించండి, ఇది నేను సరదాకి అనడం లేదు.

ప్రశ్న: పీఎల్‌సీ మీద రన్, రిమోట్, ప్రోగ్రామ్ అని తిప్పే తాళం ఉంటుంది కదా. ప్రతిసారీ ప్యానెల్ దగ్గరికి నడవలేక రిమోట్‌లోనే ఉంచేస్తున్నాం. తప్పా?

జవాబు: తప్పే. రన్‌లో పెడితే దూరం నుంచి ప్రోగ్రామ్ మార్చకుండా ఆ తాళం ఆపుతుంది. అంత చవకైన సెక్యూరిటీ ఇంకోటి లేదు, దాన్ని వదిలేసుకుంటున్నారు. 2017లో సౌదీ అరేబియాలో ఒక పెట్రోకెమికల్ ప్లాంట్ మీద జరిగిన ట్రైటన్ దాడి గురించి తెలుసుకోండి. అక్కడ గురి మామూలు పీఎల్‌సీ కాదు, ట్రైకోనెక్స్ అనే సేఫ్టీ కంట్రోలర్. ప్రెషరో వేడో హద్దు దాటితే ప్లాంట్‌ని ఆపేసి మనుషుల్ని కాపాడే చివరి కాపలా అదే. దాని తాళం ప్రోగ్రామ్ స్థానంలో ఉండిపోయింది, అందుకే దాడి చేసినవాళ్లు దూరం నుంచే అందులోకి తమ కోడ్ ఎక్కించగలిగారు. వాళ్ల కోడ్‌లోనే ఏదో తేడా వచ్చి కంట్రోలర్ ప్లాంట్‌ని ట్రిప్ చెయ్యబట్టి, అంటే ఆపెయ్యబట్టి, విషయం బయటపడింది.

2021లో రాక్‌వెల్ కంపెనీ లాజిక్స్ కంట్రోలర్లలో బయటపడ్డ లోపం తీసుకున్నా అంతే. దానికి పదికి పది స్కోరు పడింది. ప్యాచ్ వేసి వదిలించుకునే లోపం కాదు కాబట్టి కంపెనీ ఇచ్చిన సలహాల్లో ఒకటి, తాళాన్ని రన్‌లో పెట్టమని. ప్రోగ్రామ్ మార్చాలంటే పర్మిట్ రాసి, తాళం తిప్పి, పని కాగానే రన్‌లోకి తెచ్చి, తాళంచెవి తీసి షిఫ్ట్ ఇన్‌చార్జికి ఇచ్చెయ్యాలి. తాళంచెవిని ఆ తాళానికే ఇనప తీగతో కట్టి ఉంచిన ప్యానెళ్లు కూడా నేను చూశాను. పోకుండా ఉండాలనట!

ప్రశ్న: మెషీన్ సప్లయర్ తన ఆఫీసు నుంచే రిపేర్ చెయ్యడానికి రిమోట్ సాఫ్ట్‌వేర్ పెట్టి, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచమంటున్నాడు.

జవాబు: ఎప్పుడూ అక్కర్లేదు. రిపేర్ ఉన్నప్పుడు ఆన్, అయిపోగానే ఆఫ్. సిమ్ రూటర్ పెట్టి ఉంటే దానికి కరెంటు ఇచ్చే స్విచ్ మీ వాళ్ల చేతిలో ఉండాలి, అతను ఫోన్ చేసి అడిగితే వెయ్యాలి. దానికి తోడు వీపీఎన్ (బయటివాళ్లు చూడలేని రహస్య దారి), ఓటీపీ లాంటి రెండో తాళం, వచ్చే మనిషికి సొంత లాగిన్. ‘సర్వీస్’ అని అందరికీ ఒకటే అకౌంట్ వద్దు. అతను నేరుగా పీఎల్‌సీ మీదికి కాకుండా మధ్యలో జంప్ సర్వర్ అనే ఒక కాపలా కంప్యూటర్ మీదికి వచ్చి, అక్కడి నుంచి వెళ్లాలి.

ఇక ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ ఈరోజే మార్చండి. 2023 నవంబరులో అమెరికాలో అలిక్విప్పా అనే ఊరి నీటి సరఫరా సంస్థలో ఒక యూనిట్రానిక్స్ పీఎల్‌సీని ఆక్రమించారు. ఇలా ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న యూనిట్రానిక్స్ పీఎల్‌సీల మీద ఆ సమయంలోనే వరసగా దాడులు జరిగాయి. వాటికి ఫ్యాక్టరీలో పెట్టే పాస్‌వర్డ్ 1111. దాన్ని ఊహించడానికి హ్యాకరే కానక్కర్లేదు. అక్కడి సిబ్బంది వెంటనే మాన్యువల్‌లోకి మారి పంపు నడుపుకున్నారు.

ప్రశ్న: నెట్‌వర్క్‌లో ఏమేం ఉన్నాయో తెలుసుకోడానికి ఎన్‌మ్యాప్ అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌తో స్కాన్ చెయ్యొచ్చా?

జవాబు: నడుస్తున్న ప్లాంట్‌లో వద్దు. పాత కంట్రోలర్లు అనుకోని ప్యాకెట్ వస్తే హ్యాంగ్ అయిపోతాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన గైడ్‌లోనే ఒక సంఘటన రాసింది: మామూలు పింగ్ స్వీప్ (ఎవరెవరున్నారని నెట్‌వర్క్‌లో అన్ని అడ్రసుల్నీ పలకరించడం) చేస్తుంటే స్టాండ్‌బైలో ఉన్న 9 అడుగుల రోబో చెయ్యి ఒక్కసారిగా 180 డిగ్రీలు తిరిగింది, గదిలో ఉన్న మనిషి దానికి అందనంత దూరంలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. నెట్‌వర్క్ స్విచ్‌లో మిర్రర్ పోర్టు (ట్రాఫిక్ కాపీ ఇచ్చే పోర్టు) పెట్టి వచ్చేపోయే ట్రాఫిక్‌ని ఊరికే వినండి. మిగిలింది కాళ్లతో చేసే పని, ప్యానెల్ తలుపులు తెరిచి మోడల్ నంబరు, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) వెర్షన్ పుస్తకంలో రాసుకోవడం.

ప్రశ్న: ఇంత చేసినా దాడి జరిగితే?

జవాబు: 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల మీద దాడి జరిగింది. ఆపరేటర్లు చూస్తుండగానే మౌస్ దానంతటదే కదిలి బ్రేకర్లు (కరెంటు లైన్‌ని తెంపే స్విచ్‌లు) తెరిచేసింది, సుమారు 2,25,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. కంట్రోల్ సెంటర్ ఆదేశాల్ని పరికరాలకు అందించే, సబ్‌స్టేషన్లలోని కన్వర్టర్ల ఫర్మ్‌వేర్ కూడా పాడుచేశారు, అంటే దూరం నుంచి మళ్లీ ఆన్ చేసే దారి కూడా లేదు. సిబ్బంది వాహనాలెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్లి చేతులతో బ్రేకర్లు వేశారు, కొన్ని గంటల్లో కరెంటు వచ్చింది. మీ ప్లాంట్‌ని చేత్తో నడపడం వచ్చినవాళ్లు ప్రతి షిఫ్ట్‌లోనూ ఉన్నారా? పీఎల్‌సీ ప్రోగ్రామ్ తాజా కాపీ ఎక్కడుంది? రిటైర్ అయిన ఇంజినీర్ ల్యాప్‌టాప్‌లో ఉందని జవాబు వస్తే, మీ పని ఈ సోమవారం అక్కడి నుంచే మొదలవుతుంది.