అన్యాయమైన చట్టాన్ని శాంతియుతంగా ఎదిరించడం న్యాయమేనా?

"చట్టమే అన్యాయంగా ఉంటే దాన్ని మీరడం తప్పా? ఊరికే కూర్చుంటే ఎవరు పట్టించుకుంటారు, బస్సులు తగలబడితేనే కదా ప్రభుత్వం దిగొచ్చేది?" అని అడిగారు. మీరడం తప్పు కాదు. తగలబెట్టడం మాత్రం తప్పే.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం అప్పటి మా చిత్తూరు జిల్లాకూ పాకింది. అప్పట్లో సారా అమ్మకం చట్టబద్ధం. ప్రభుత్వమే వేలం పాటలు పెట్టేది. అంటే అంగడికి అడ్డం కూర్చున్న మా అమ్మావాళ్ళే చట్టం దృష్టిలో నేరస్థులు. అంతకుముందు అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయారు.

సారా ప్యాకెట్ల జీపు వచ్చిన రోజు మగపిల్లలం రాళ్ళు ఏరుకున్నాం. మా పెద్దమ్మ చూసింది. "కింద పారేయండ్రా! రేపు స్టేషన్లో రాయి మాటే వస్తాది గానీ సారా మాట రాదు" అని కసిరింది. పోలీసులు వ్యాన్ ఎక్కమంటే ఒక్కరూ పారిపోలేదు. సాయంత్రం వదిలేటప్పుడు వేలిముద్ర వెయ్యమన్నారట. పెద్దమ్మ పెన్ను అడిగి తీసుకుని, రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుంటూ తన పేరు రాసిందట.

దొంగ కూడా చట్టాన్ని మీరుతాడు, కానీ చాటుగా, తన లాభం కోసం. వీళ్ళు పట్టపగలు మీరారు, పేరు రాసిచ్చారు. 1922లో అహ్మదాబాద్ కోర్టులో రాజద్రోహం కేసులో గాంధీ చేసిందీ అదే. నేరం ఒప్పుకుని, గరిష్ఠ శిక్ష వేయమని తానే అడిగారు. ఆరేళ్ళు వేశారు.

ఇంకో సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఏది అన్యాయమో తేల్చుకోవడంలో మనమే పొరబడొచ్చు. మనం జైలుకెళితే ఆ పొరపాటు ఖరీదు మనమే కడతాం. బస్సు తగలబెడితే ఏ పాపం ఎరగని డ్రైవరు కడతాడు. చౌరీచౌరాలో జనం స్టేషన్‌కు నిప్పుపెట్టి 22 మంది పోలీసులను చంపినప్పుడు గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమాన్నే ఆపేశారు. చాలామంది నాయకులకు నచ్చలేదు. నాకు మాత్రం అదే సరైన పని అనిపిస్తుంది.

1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు కదా, ఏం సాధించారు అంటారు కొందరు. సారా అంగడి పోయింది, ఊళ్ళో ఒకరి మీద ఒకరికి పగ మిగల్లేదు. ఆ అంగడి నడిపినాయన తర్వాత మా అక్క పెళ్ళికి వచ్చి, అందరితో పాటు పంక్తిలో కూర్చుని భోంచేశాడు. ఆ రోజు మేం రాళ్ళు విసిరుంటే వచ్చేవాడు కాదు.