వైరల్ లోడ్ కనిపించడం లేదు.. హెచ్ఐవీ మాత్రలు కొన్నాళ్లు ఆపి చూడొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేస్తాను. 2016లో హెచ్ఐవీ అని తేలింది. అప్పుడు సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 162 ఉంది. అప్పటి నుంచి ఏఆర్‌టీ మందులు మానకుండా వాడుతున్నాను. మూడేళ్లుగా వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించడం లేదు. సీడీ4 మాత్రం ఒకసారి 455, ఆ తర్వాత 410 వచ్చింది. ఒంట్లో టీ సెల్స్ బలంగా ఉంటే మందులు లేకపోయినా హెచ్ఐవీ అదుపులో ఉంటుందని, కొందరు అలా ఏళ్ల తరబడి బతుకుతున్నారని ఒక వీడియోలో చూశాను. నా టీ సెల్స్ ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి రెండు నెలలు మందులు ఆపి చూడొచ్చా? సీడీ4 తగ్గిందని టెన్షన్‌గా కూడా ఉంది. ఇమ్యూనిటీ పౌడర్ ఏదైనా వాడమంటారా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: దయచేసి ఆపకండి. ఒక్క వారం కూడా వద్దు. ఇన్నేళ్లు పనికి వెళుతూనే మాత్ర మానకుండా వేసుకున్నారంటే అది చిన్న విషయం కాదు. ఆ కష్టం వృథా కాకూడదనే కాస్త వివరంగా రాస్తున్నాను.

వీడియోలో మీరు విన్నది అబద్ధం కాదు, కానీ సగమే. టీ సెల్స్ అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు. అవి హెచ్ఐవీని అదుపు చేసే మాట నిజం. అయితే టీ సెల్స్ అన్నీ ఒకటి కావు. మీ రిపోర్టులో కనిపించే సీడీ4 కణాలు రోగనిరోధక వ్యవస్థలో మిగతా కణాలకు పని పురమాయించేవి. హెచ్ఐవీ దాడి చేసేది ముఖ్యంగా వీటి మీదే. సీడీ8 అని ఇంకో రకం ఉన్నాయి. వైరస్ సోకిన కణాన్ని వెతికి పట్టుకుని చంపేది ఇవి.

ఆ పట్టుకునే తీరు తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. కణం లోపల వైరస్ తయారవుతున్నప్పుడు దాని ప్రొటీన్ల ముక్కలు కొన్నింటిని ఆ కణం తన పైపొర మీదికి తెచ్చి చూపిస్తుంది. ఆ ముక్కలను పట్టి చూపే అణువులను హెచ్ఎల్ఏ అంటారు. సీడీ8 కణం వచ్చి ఆ ముక్కను తడిమి, అది పరాయిదని గుర్తుపడితే పెర్ఫోరిన్ అనే పదార్థంతో అవతలి కణం పొరకు రంధ్రాలు చేసి, కణాన్ని చంపే గ్రాంజైములనే ఎంజైములను లోపలికి పంపుతుంది. దాంతో ఆ కణం చచ్చిపోతుంది, అందులో తయారవుతున్న వైరస్ కూడా అక్కడితో ఆగిపోతుంది. హెచ్ఐవీ సోకిన మొదటి వారాల్లో రక్తంలో వైరస్ విపరీతంగా పెరిగి, తర్వాత మందులేమీ లేకుండానే కొంత దిగి వస్తుంది. అలా దించేది ప్రధానంగా సీడీ8 కణాలే. 1999లో కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది తేటతెల్లమైంది. హెచ్ఐవీ లాంటి ఎస్ఐవీ వైరస్ ఉన్న కోతుల్లో సీడీ8 కణాలను తీసేస్తే వైరస్ ఒక్కసారిగా పెరిగింది. అవి తిరిగొచ్చాక మళ్లీ తగ్గింది.

మరి అందరిలోనూ సీడీ8 కణాలే పని పూర్తి చేయవెందుకు? హెచ్ఐవీ తన నకళ్లు తీసుకునేటప్పుడు చాలా తప్పులు చేస్తుంది. ఆ తప్పుల్లో కొన్ని దానికే కలిసొస్తాయి. సీడీ8 గుర్తుపట్టే ముక్క కాస్త మారిపోతుంది, ఇక అది దొరకదు. మందులు లేకుండా ఏళ్ల తరబడి వైరస్‌ను అణచి ఉంచగలిగేవారు హెచ్ఐవీ ఉన్నవారిలో ఒక్క శాతం కూడా ఉండరు. వారిలో చాలామందికి హెచ్ఎల్ఏ-బీ57, బీ27 లాంటి రకాలు పుట్టుకతోనే ఉంటాయి. అవి వైరస్ లోపలి గుల్లకు చెందిన గ్యాగ్ ప్రొటీన్ ముక్కలను చూపిస్తాయి. అక్కడ మార్పు చేసుకుంటే వైరస్సే బలహీనపడుతుంది కాబట్టి దానికి తప్పించుకునే దారి తక్కువ. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది. తిండితోనో పౌడర్‌తోనో తెచ్చుకునేది కాదు. అలాంటివారిలో కూడా కొందరికి తర్వాత ఎప్పుడో అదుపు తప్పుతుంది.

ఇక మీ సంగతి. మందులు మొదలుపెట్టేనాటికే మీ సీడీ4 162కి పడిపోయింది. మందులు లేనప్పుడు మీ ఒంట్లో ఏం జరిగిందో ఆ అంకె అప్పుడే చెప్పేసింది. రెండు నెలలు ఆపి కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ లేదు.

దీర్ఘకాలం వైరస్ ఉంటే సీడీ8 కణాలు అలిసిపోతాయి కూడా. మూడు షిఫ్టులూ ఒక్క మనిషి చేత చేయిస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. కణాలు ఉంటాయి, పని సాగదు. అలిసిన కణాల మీద పీడీ-1 అనే గుర్తు ఎక్కువగా కనిపిస్తుందని 2006లో తేలింది. వాటికి దన్నుగా ఉండాల్సిన సీడీ4 కణాలు వైరస్ దెబ్బకు పోవడంతో పరిస్థితి ఇంకా దిగజారుతుంది. మీ మాత్ర వైరస్ కొత్తగా పుట్టకుండా ఆపుతోంది కాబట్టే టీ సెల్స్‌కు ఊపిరి పీల్చుకునే వీలు దొరికింది. మాత్ర వేరు, ఇమ్యూనిటీ వేరు అనుకోకండి. మీ టీ సెల్స్ కోలుకున్నది ఆ మాత్ర వల్లే.

వైరల్ లోడ్‌లో కనిపించలేదంటే వైరస్ పోయిందని కాదు. కొన్ని సీడీ4 కణాల డీఎన్ఏలో అది కలిసిపోయి నిద్రాణంగా ఉంటుంది. ప్రొటీన్లేవీ తయారు కావు కాబట్టి పైపొర మీద చూపించడానికి ముక్కలూ ఉండవు, సీడీ8కి ఆచూకీ దొరకదు. చికిత్సలో ఉన్నవారిలో ఈ నిల్వ సగానికి తగ్గడానికే దాదాపు 44 నెలలు పడుతుంది. మందు ఆపితే ఎక్కువ మందిలో రెండు నుంచి నాలుగు వారాల్లోనే వైరస్ మళ్లీ రక్తంలో కనిపిస్తుంది.

మీరు అడిగినట్టు ఆపి చూసే పని శాస్త్రవేత్తలు ఇప్పటికే చేశారు. స్మార్ట్ అనే పెద్ద అధ్యయనంలో 5,472 మంది పాల్గొన్నారు. అందరికీ మొదట్లో సీడీ4 350 పైనే, అంటే మీలాగే. కొందరికి మందులు కొనసాగించారు, మిగతావారికి సీడీ4 250కి పడేదాకా ఆపారు. ఆపినవారిలో జబ్బులు, మరణాలు రెట్టింపు కంటే ఎక్కువయ్యాయి. గుండె, కిడ్నీ, కాలేయ సమస్యలూ పెరిగాయి. దాంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 2006లో వెలువడ్డాయి.

455 నుంచి 410కి రావడం గురించి నిద్ర పాడుచేసుకోవద్దు. ఒకే మనిషికి ఉదయం ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె వస్తుంది. జలుబు చేసినా, జ్వరం వచ్చి తగ్గినా మారుతుంది. బాగా తక్కువ సీడీ4తో చికిత్స మొదలుపెట్టిన కొందరికి 500 దాటడం ఆలస్యమవుతుంది, కొందరికి దాటకపోవచ్చు కూడా. వైరల్ లోడ్ కనిపించనంతకాలం ఈ కాస్త తేడాకు అర్థం లేదు. ఇంకో మాట, అలా ఉన్నంతకాలం కలయిక ద్వారా మీ నుంచి జీవిత భాగస్వామికి వైరస్ సోకదు. మందు ఆపితే ఆ భరోసా కూడా పోతుంది.

పౌడర్లు వద్దు. డబ్బు దండగ అని మాత్రమే చెప్పడం లేదు. ఏఆర్‌టీ సెంటర్లలో ఇప్పుడు ఎక్కువ మందికి ఇస్తున్న టీఎల్‌డీ అనేది మూడు మందులు కలిపిన మాత్ర. అందులో ఒకటి డోల్యుటెగ్రావిర్. ఐరన్, కాల్షియం, జింక్ ఉన్న పౌడర్లు దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వవు. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందులతోనూ ఇదే ఇబ్బంది. అవి వాడాల్సి వస్తే టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాతైనా, వేసుకోవడానికి ఆరు గంటల ముందైనా తీసుకోండి. పౌడర్ డబ్బులతో గుడ్లు, పప్పు, చేపలు తినండి. సిగరెట్ అలవాటుంటే మానేయండి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు.. వీటిలో ఏది కనిపించినా టీబీ పరీక్ష చేయించుకోండి.

ఈసారి మందులు తీసుకోవడానికి వెళ్లినప్పుడు మీకు హెపటైటిస్-బీ పరీక్ష చేశారా, ఏమొచ్చింది అని అడిగి మీ పుస్తకంలో రాయించుకోండి. టీఎల్‌డీలోని రెండు మందులు హెపటైటిస్-బీని కూడా అణచి ఉంచుతాయి. ఆ వైరస్ ఉండి మందు ఆపితే కాలేయం ఉన్నట్టుండి దెబ్బతింటుంది. లేదని తేలితే టీకా వేయించుకోవచ్చు. మందులు ఆపాలన్న ఆలోచన మళ్లీ వస్తే ముందు మీ సెంటర్ కౌన్సెలర్‌తో మాట్లాడండి, లేదా 1097కి ఫోన్ చేయండి. అది ఉచితం, పేరు చెప్పాల్సిన పని లేదు.

- జనరల్ మెడిసిన్ వైద్యురాలు, విశాఖపట్నం